బాతు పడవలో నాలుగో పాదం

కాబోయే అల్లుడు మొదటిసారి గడప తొక్కిన రోజున అత్తగారు చక్కెర నీళ్ళలో ఉడికించిన గుడ్లు గిన్నె నిండా పెట్టిందంటే ఆ సంబంధం ఖాయమైనట్టే. తెల్లకొంగ సరస్సు చుట్టూ ఉన్న ఊళ్ళన్నిటిలోనూ ఇదే ఆనవాయితీ. గుడ్లు రాకపోతే మాత్రం టీ తాగేసి, తెచ్చిన బియ్యపు సారా జాడీనీ ఉప్పులో ఊరిన పందితొడనీ అక్కడే వదిలేసి, నవ్వు మొహం పెట్టుకుని బయటపడాలి. అందుకే మెంగ్ మాస్టారి భార్య వంటింట్లోంచి పొగలు కక్కే గిన్నె పట్టుకుని రావడం చూడగానే రువాన్ ఫూగెన్‌కి ప్రాణం లేచొచ్చింది. నలభై అయిదేళ్ళ మనిషి, బజారు మొత్తానికీ పేరున్న బాతుకూర దుకాణం యజమాని, గిన్నె మీదికి పసివాడిలా వంగి గుడ్లు ఒకదాని వెనక ఒకటి మింగేశాడు.

"మెల్లిగా తిను. అవేం లేచి పారిపోవు," అని పక్కనే కూర్చున్న మాస్టారి కూతురు సూయిన్ మోచేత్తో పొడిచింది.

అంతవరకూ పేపరు వెనక దాక్కున్న మెంగ్ మాస్టారు సరిగ్గా అప్పుడే దాన్ని మడిచి బల్ల మీద పెట్టారు.

"గుడ్లు ఆవిడ శాఖ. నా శాఖ వేరే ఉంది," అన్నారు.

చివరి గుడ్డు ఫూగెన్ గొంతులో ఆగిపోయింది. ఆ గొంతు అతనికి బాగా తెలుసు. సరస్సు ఒడ్డున ఉన్న హైస్కూల్లో మూడేళ్ళపాటు ఆ గొంతు వినే అతను బెంచీ ఎక్కేవాడు.

మెంగ్ మాస్టారు జీవితమంతా పాత పద్యాలు చెప్పారు. అన్నిటిలోకీ ఆయనకు ప్రాణం, ఈ సరస్సు మీదే ఎన్నడో ఒక రాజోద్యోగి రాసిన నాలుగు పాదాల పద్యం. ఈ చుట్టుపక్కల పుట్టిన వాళ్ళెవరికైనా అది నోటికి వచ్చి తీరాలి:

పొద్దున్న కొండ నీళ్ళలో దిగి నిలుచుంది,
మధ్యాహ్నం గాలి వచ్చి దాన్ని ముక్కలు చేసింది,
సాయంత్రం వాన, కొండా లేదు, నీరూ లేదు,
పడవలో మనిషి మాత్రం ఇంకా చూస్తూనే ఉన్నాడు.

ఈ పద్యం మీద ప్రతి పరీక్షలోనూ ఒకటే ప్రశ్న వచ్చేది. నాలుగో పాదంలో మనిషి ఏం చూస్తున్నాడు, వివరించండి. ఫూగెన్ చదువుకునే రోజుల్లో దానికి, "వానలో ఏమీ కనబడటం లేదు కాబట్టి ఒడ్డు ఎటుందా అని చూస్తున్నాడు," అని రాశాడు. మాస్టారు ఆ జవాబును క్లాసులో పైకి చదివి వినిపించి సున్నా వేశారు. క్లాసంతా పొట్ట పట్టుకుని నవ్వింది. సూయిన్ కూడా అదే క్లాసు, ఆమె కూడా నవ్వింది. ఆ మాట ఆమే ఒప్పుకుంటుంది. అదే ప్రశ్నకు నూటికి నూరు తెచ్చుకున్నవాడు పెయ్ జున్. కుర్రాడంటే అలా ఉండాలని మాస్టారు మురిసిపోయారు. మురిసి ఊరుకుంటే బాగుండేది. పదేళ్ళ తరవాత అతన్నే ఏరి కోరి అల్లుడిగా తెచ్చుకున్నారు. ఆ నూటికి నూరు మార్కుల అల్లుడు షాంఘైలో ఇంకో కాపురం పెట్టి, కూతుర్ని ఏడిపించి, విడాకుల కాగితం మీద మాత్రం చాలా అందమైన చేతిరాతతో సంతకం పెట్టి పోయాడు.

అప్పటినుంచి మాస్టారు దేనికీ ఊ అనడం మానేశారు, ఊహూ అనడమూ మానేశారు. టీవీ ఏది కొనాలో భార్యే చూసుకోవాలి. ఇంటికి సున్నం ఏ రంగు వేయించాలో సూయిన్ చూసుకోవాలి. హోటల్లో ఏం తింటారని అడిగితే పక్కవాళ్ళ బల్లకేసి చూపించేవారు.

మందుల షాపులో పనిచేసే సూయిన్, ప్రతి శనివారం బాతుమెడలు కొనడానికి వచ్చి, మెల్లమెల్లగా మెడలు కొనకుండానే రావడం మొదలుపెట్టి, చివరికి ఫూగెన్‌ని పెళ్ళాడతానని తానే అంది. ఎవరినీ అడిగి కాదు. కానీ ఒక్క మాట మాత్రం ముందే చెప్పేసింది. "నాన్న మొహం తిప్పుకుని గదిలో కూర్చుంటే నేను పెళ్ళి విందులో కూర్చోలేను. ఆయన వచ్చి నా పక్కన కూర్చోవాలి. అలా అని ఆయన నోటితో అనాలి. ఎలా అనిపిస్తావో నీ ఇష్టం."

ఇప్పుడు మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు.

"వచ్చే ఆదివారం సరస్సు మీదికి పోదాం. ఆ నాలుగో పాదానికి మళ్ళీ జవాబు చెప్పు. సరైన జవాబు చెప్తే నాకేం అభ్యంతరం లేదు."

"నాన్నా, ఆయన పెళ్ళి చేసుకోడానికి వచ్చాడు, టెన్త్ పాసవడానికి కాదు," అంది సూయిన్.

"చెప్తాను మాస్టారూ," అన్నాడు ఫూగెన్. అతనికి నిజానికి గుండెల మీంచి రాయి దించినట్టయింది. పెద్దవాళ్ళ మనసు గెలవమంటే ఎవడి వల్లవుతుంది గానీ, పరీక్షకైతే చదువుకుని వెళ్ళొచ్చు కదా.

ఆ వారమంతా చదివాడు. ట్యూషన్ సెంటర్ పంతులమ్మకు బాగా బలిసిన బాతుని చూసి ఇచ్చి, సరైన జవాబు అక్షరం పొల్లు పోకుండా రాయించుకున్నాడు. కుండలో సోయా పులుసు మరుగుతుంటే అతని నోట్లో జవాబు మరిగేది. అరబాతు కొట్టివ్వమని వచ్చిన ఆవిడతో, "దృశ్యం ద్వారా భావాన్ని వ్యక్తం చేయడం ఇందులోని విశేషం," అన్నాడు. ఆవిడ బాతుకేసీ అతనికేసీ మార్చి మార్చి చూసి, తొడభాగం వెయ్యమంది.

ఆదివారం ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. అయినా వాన సూచన ఉందని తెడ్డు పడవల వాళ్ళందరూ పడవలు కట్టేసి, చెట్టుకింద బల్లల చుట్టూ చేరి మాజాంగ్ పలకలాట ఆడుకుంటున్నారు. ఎంత పిలిచినా ఒక్కడూ పలకలేదు. రేవులో మిగిలినవి పిల్లలు తొక్కుకునే బాతు పడవలే. పసుపుపచ్చ ఒళ్ళు, నారింజ ముక్కు, నెత్తిమీద చిన్న కప్పు.

మాస్టారు వాటిలో ఒకదాన్ని నఖశిఖపర్యంతం చూశారు.

"వేరే ఆకారం ఏం లేదా?" అని వాటిని అద్దెకిచ్చేవాణ్ణి అడిగారు.

"ఉంది సార్. గులాబీరంగు బాతు."

పసుపు బాతునే తీసుకున్నారు. అందులో ఇద్దరికే చోటు. సూయిన్ ఒడ్డున ఉన్న మంటపంలో టీకొట్టు దగ్గర కూర్చుంటానంది. బతికున్న బాతుల్నీ చచ్చిన బాతుల్నీ చూసి పెరిగిన ఫూగెన్‌కి బాతు కడుపులో కూర్చోవడం అదే మొదలు. దుకాణానికి వచ్చేవాళ్ళెవరైనా చూస్తే ఏమంటారో అనుకుంటూ తొక్కడం మొదలెట్టాడు. చుక్కాని పిడి మాత్రం మాస్టారే పట్టుకున్నారు. ఏ పడవైనా ఆయన ఉన్నాక ఇంకొకరు నడిపే ప్రశ్నే లేదు.

సరస్సు మధ్యకు వచ్చేసరికి అవతలి కొండ తలకిందులుగా నీళ్ళలో నిలబడి ఉంది. ఒక్క అల లేదు.

"మొదటి పాదం," అన్నారు మాస్టారు, హాజరు వేస్తున్నట్టు.

కాసేపటికి పడమటి వైపు నుంచి గాలి లేచింది. నీళ్ళలో కొండ చీలికలై, ముక్కలై, చెల్లాచెదురైపోయింది. బాతు ముక్కు అటూ ఇటూ ఊగింది.

"రెండో పాదం," అన్నారు మాస్టారు. వాతావరణం సిలబస్ ప్రకారం నడుస్తున్నందుకు ఆయన మొహం వెలిగిపోయింది. "ఇక వాన వచ్చేలోగా జవాబు చెప్పెయ్. నాలుగో పాదంలో మనిషి ఏం చూస్తున్నాడు?"

ఫూగెన్ తొక్కడం ఆపి, నిటారుగా కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"మారుతున్న వాతావరణం మారుతున్న రాజాదరణకు సంకేతం. పడవలో ఉన్నది కవే. అన్నీ మారిపోయినా తనలో మారని నిష్ఠను ఆయన లోచూపుతో దర్శిస్తున్నాడు. ఇక్కడ నిశ్చలమైన మనిషి ద్వారా చంచలమైన లోకం మరింత చంచలంగా కనిపిస్తుంది. దృశ్యం ద్వారా భావాన్ని వ్యక్తం చేయడం ఇందులోని విశేషం."

ఒక్క చోట కూడా తడబడలేదు. తన వీపు తనే తట్టుకోవాలన్నంత సంతోషం వేసింది అతనికి. పక్కకు తిరిగి చూస్తే మాస్టారి మొహం పాలిపోయి ఉంది.

"తప్పా మాస్టారూ?"

"తప్పేం లేదు. అన్నీ సరిగ్గా ఉన్నాయి."

"మరి?"

"పెయ్ జున్ ఇదే రాశాడు. అచ్చం ఇదే. కామాలు కూడా మారలేదు."

ఫూగెన్ నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. నూటికి నూరు వచ్చే జవాబు ఒకటే ఉంటుందనీ, అది చెప్పిన ప్రతివాడూ పెయ్ జున్‌లాగే మాట్లాడతాడనీ అతనికి తట్టనేలేదు. ఒక బలిసిన బాతునిచ్చి మరీ తను అల్లుడి కుర్చీలోంచి జారిపడే ఏర్పాటు చేసుకున్నాడు.

"పోనీ వేరేగా చెప్తాను," అన్నాడు.

"వేరే ఏం చెప్తావు? సరైనది చెప్పేశావుగా." మాస్టారు నీళ్ళకేసి చూస్తూ మాట్లాడారు. "ఏమోయ్ ఫూగెన్, నీకో సంగతి చెప్పనా. ఆ రోజు ఈ నోటితోనే ఊ అన్నాను. వాడి పేపరు దిద్దిన చేత్తోనే వాడి చేతిలో నా కూతుర్ని పెట్టాను. అది వద్దని కూడా అనలేదు, నాన్నకి తెలుసులే అనుకుంది. ఇప్పుడు మళ్ళీ నన్ను ఊ అనమంటుంది. నాకు మనుషుల్ని చూట్టం రాదయ్యా. పేపర్లు దిద్దడమే వచ్చు. అందుకే నిన్ను పేపరు అడిగాను. నువ్వు కూడా వాడి పేపరే తెచ్చి ఇచ్చావు."

జీవితంలో మొదటిసారి ఫూగెన్‌కి ఆ గొంతు వింటే భయం వేయలేదు, జాలి వేసింది. ఏదో ఒకటి అందామని నోరు తెరిచాడు. ఇంతలో మూడో పాదం వచ్చి పడింది.

వచ్చి పడడమంటే మామూలుగా కాదు. కొండ మీంచి ఒక తెల్లటి తెర దిగింది, చూస్తుండగానే కొండను మింగింది, సరస్సును మింగింది, బాతు ముక్కు తప్ప ఇంకేమీ మిగల్చలేదు. బాతు నెత్తిమీది కప్పు పిల్లల కోసం చేసింది. ఇద్దరి భుజాలూ బయటే ఉన్నాయి. క్షణంలో మాస్టారి కళ్ళజోడు నీటిబొట్లతో నిండిపోయింది. స్కూలు పిల్లల్ని ఏటేటా సరస్సుకి తీసుకొచ్చిన మనిషే గాని, మబ్బు కనబడగానే విహారం రద్దు చేసేవారు. ఆ మూడో పాదాన్ని ఆయన ఎప్పుడూ గది కిటికీలోంచే చూశారు.

"తొక్కవోయ్!" అన్నారు.

ఫూగెన్ తొక్కాడు. మాస్టారు కూడా తొక్కారు. కాసేపు తొక్కాక వానలోంచి ఒక బోర్డు ఊడిపడింది. ఇక్కడ ఈత కొట్టరాదు అని రాసి ఉంది. ఇంకాసేపు తొక్కాక మళ్ళీ ఇంకో బోర్డు వచ్చింది. ఇక్కడ ఈత కొట్టరాదు.

"ఇలాంటి బోర్డులు చాలా పెట్టించినట్టున్నారు," అన్నారు మాస్టారు.

"అదే బోర్డు మాస్టారూ."

"అదెలా అవుతుంది?"

"మీరు పిడి ఒక పక్కకే పట్టుకున్నారు. గుండ్రంగా తిరుగుతున్నాం."

మాస్టారు చాలాసేపు ఆలోచించి, పిడి వదిలేసి, చేతులు చంకల్లో పెట్టుకున్నారు. ఆ లోగా బోర్డు మూడోసారి కూడా వచ్చి పలకరించి వెళ్ళింది. ఫూగెన్ పిడి అందుకున్నాడు. కానీ ఇద్దరి కాళ్ళూ కలవడం లేదు. ఒకరు కిందికి తొక్కితే ఇంకొకరి కాలు జారిపోతోంది. మాస్టారికి పిక్క పట్టేసింది.

"పద్యం చెప్పండి మాస్టారూ. క్లాసులో మమ్మల్ని అందర్నీ ఒకేసారి చెప్పించేవారు చూడండి, అలా. మాటకో తొక్కు."

మాస్టారు విచిత్రంగా చూసినా చెప్పడం మొదలుపెట్టారు. పొద్దున్న, కొండ, నీళ్ళలో, దిగి. ఫూగెన్ గొంతు కలిపాడు. పళ్ళు టకటక కొట్టుకుంటుంటే రాజోద్యోగి రాసిన పద్యం బాతు కడుపులోంచి ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. కాళ్ళు కలిశాయి. పడవ కదిలింది. ఎటు కదిలిందో ఇద్దరికీ తెలీదు, బోర్డు మాత్రం మళ్ళీ రాలేదు.

అప్పుడు దూరంగా ఎక్కడో చప్పుడు వినబడింది. ఎవరో ఇనపతట్ట మీద గరిటెతో కొడుతున్నట్టుంది. ఫూగెన్ ఆ చప్పుడు వైపుకి పిడి తిప్పి, మెడ సాచి, కళ్ళు చికిలించి, తెల్లటి వానలోకి అలాగే చూస్తూ తొక్కుతున్నాడు. వాన కళ్ళల్లో పడుతున్నా రెప్ప వేయడం లేదు. పద్యం చెప్పడం కూడా మరిచిపోయాడు.

మాస్టారు కాసేపు ఒక్కరే చెప్పి, చెప్పడం మానేసి, అతని మొహంలోకి చూశారు.

"ఏమోయ్, ఏం చూస్తున్నావు?"

"ఒడ్డుకేసి మాస్టారూ. సూయిన్ గొడుగు తేలేదు. ఆ మంటపం కప్పు ఒక పక్కంతా కారుతుంది. ఆ తట్ట చప్పుడు తనదే అయ్యుంటుంది. మనం కనబడితే గాని లోపలికి పోదు, తన సంగతి మీకు తెలుసుగా. మళ్ళీ దగ్గు పట్టుకుంటే మందుల షాపులో ఉన్న మందులన్నీ తనకే సరిపోతాయి." అని, ఇంకా అటే చూస్తూ, "మీ కాలు నొప్పిగా ఉంటే ఊరుకోండి. నేను తొక్కుతాను," అన్నాడు.

మాస్టారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, పట్టేసిన పిక్కను చేత్తో నొక్కి పట్టుకుని, మళ్ళీ తొక్కడం మొదలుపెట్టారు. ఒడ్డు వచ్చేవరకూ ఆగలేదు.

ఒడ్డున సూయిన్ టీకొట్టువాడి తట్టా గరిటే పట్టుకుని నిలబడి ఉంది. పై నుంచి కింది వరకూ తడిసి ముద్దయింది. వెనకాల టీకొట్టువాడు తన తట్ట కోసం ఎదురుచూస్తున్నాడు. బాతు ముక్కు వానలోంచి బయటపడగానే ఆమె గొంతు ఎత్తింది.

"మీ ఇద్దరికీ బుద్ధుందా? ఇంత వానలో పద్యాలేంటి? మునిగిపోయారనుకున్నాను. నాన్నా, అమ్మకి నేనేం చెప్పాలి, నీకేమైనా అయితే? పద్యం చెప్తూ పోయాడని చెప్పాలా?"

ఫూగెన్ ముందు దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, మాస్టారిని నడుం పట్టుకుని దించాడు. మాస్టారు గట్టు మీద కూలబడ్డారు. సూయిన్ ఆయన పిక్క రుద్దుతూనే తిట్టింది, తిడుతూనే ఏడ్చింది. కోపం ఉన్నంతసేపూ ఎవరూ అడ్డు రాలేదు. చివరికి ముక్కు తుడుచుకుని అడిగింది.

"ఇంతకీ ఏమైంది పరీక్ష?"

ఫూగెన్ తల వంచుకున్నాడు. "పెయ్ జున్ జవాబు చెప్పాను," అన్నాడు. "నాకు తెలీదు సూయిన్. నిజంగా తెలీదు."

సూయిన్ చేతులు ఆగిపోయాయి. తండ్రి మొహంలోకి చూసింది. ఆమె ఆ మొహంలో వెతుకుతున్నది తన పెళ్ళి విందులో పక్క కుర్చీ ఖాళీగా ఉంటుందా అనేది ఒక్కటే.

"ముందు అదే చెప్పాడు," అన్నారు మాస్టారు. "తరవాత ఇంకోసారి అడిగాను. నేను అడిగింది పరీక్ష అని అతనికి తెలీదు."

"ఏం చెప్పాడు?"

"చెప్పింది వదిలెయ్యి. ఆ వానలో పెయ్ జున్ గనక ఉంటే అమ్మాయీ, నా మొహంలోకి చూసేవాడు. నేనెన్ని మార్కులు వేస్తున్నానో అని. ఎప్పుడూ అంతే చూశాడు వాడు, నేనే గమనించలేదు. ఇతను ఒక్కసారి కూడా నాకేసి చూడలేదు. నీకేసే చూశాడు."

టీకొట్టువాడు తట్ట సంగతి మరిచిపోయి నిలబడ్డాడు. ఫూగెన్‌కి తను ఏం చెప్పాడో గుర్తు చేసుకుందామన్నా గుర్తు రావడం లేదు. తప్పు మాటేమైనా దొర్లిందేమో అని లోపల బిక్కుబిక్కుమంటోంది.

"పెళ్ళి విందుకి వస్తాను," అన్నారు మాస్టారు. "నీ పక్కనే కూర్చుంటాను. కూర్చోవద్దన్నా కూర్చుంటాను."

సూయిన్ గరిటె పట్టుకున్న చేత్తోనే ఆయన మెడ చుట్టూ చెయ్యి వేసింది.

"చాల్లే, చాల్లే," అన్నారాయన, ఆమెను మెల్లిగా అవతలికి తోస్తూ. "నాకోసం కాదు, వెళ్ళి ఆ టీకొట్లో తుండుగుడ్డ ఏదైనా అడిగి పట్రా. అల్లుడు తడిసిపోయాడు."